రెండు చేతులు, రెండు కత్తులు

గత వర్షకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు గళ్ల కాగితముపై ఒక యుద్ధక్రీడను కల్పించుకొనిరి. అడవిని, కొండను, వాగును, కోటను గీచిరి. చింతగింజలను బంట్లుగా నిలిపి, ఒక్కొక్క పక్షమునకు మంత్రశక్తి గల వీరునొకనిని నియమించిరి. ఆ వీరుడు కత్తియు డాలును పట్టవచ్చును. లేదా రెండు చేతుల రెండు కత్తులు పట్టవచ్చును. కత్తి డాలు పట్టినవాడు తన వంతున రెండు దెబ్బలు కొట్టును. రెండు కత్తులవాడు నాలుగు దెబ్బలు కొట్టును. దెబ్బ బలము ఇద్దరికిని సమానమే. వారము తిరుగకముందే డాలు పట్టువాడు ఒక్కడును మిగులలేదు. అందరును రెండు కత్తుల వీరునే కోరుచుండిరి. అంతట తగవు పుట్టి, ఇట్టి ఆటలలో రెండు ఆయుధములకు చోటుండవలెనా, కూడదా యను ప్రశ్న మా యొద్దకు వచ్చినది.

తెలుగు పాఠము చెప్పువారికి కత్తుల సంగతి యేల యని తల్లిదండ్రులు అనుకొనవచ్చును. కాని ఈ తగవులో చరిత్ర కలదు, గణితము కలదు, అన్నిటికంటె ముందు మన భాషయు కలదు.

ఏలయన, రెండు కత్తుల పక్షమువారు మొట్టమొదట తెచ్చిన సాక్షి అర్జునుడు. "ఆయన సవ్యసాచి కదా!" యనిరి. విరాటపర్వమున అర్జునుడు ఉత్తరునికి తన పది నామములను వివరించు ఘట్టమును వారు చదివియుండిరి. అది మాకు సంతోషమే. అయినను సాక్షి వారి పక్షమున నిలువడు. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. గాండీవమును కుడిచేత వలెనే ఎడమచేతను లాగి బాణము విడువగలవాడు కనుక అర్జునుడు సవ్యసాచి. ఆయన చేతనున్నది ఒక్క విల్లే. నేర్పు రెండు చేతులది. ఆయుధము మాత్రము ఒక్కటి. ఇందొక చిత్రము కలదు. సంస్కృతమున ఎడమను చెప్పు ఈ మాటయే మన వ్యవహారమున "పని సవ్యముగా జరిగినది" అన్నప్పుడు సరియైన తీరు అను అర్థమును పొందినది. ఈ మాటతో మరల పని పడును.

ఇక చరిత్ర. రెండు చేతుల రెండు ఆయుధములు పట్టినవారు లేకపోలేదు. జపాను దేశమున మియమోతో ముసాషి (మరణము 1645) పొడవు కత్తిని, పొట్టి కత్తిని కలిపి పట్టు సంప్రదాయమును నెలకొల్పెను. యూరపున 16, 17 శతాబ్దములలో ద్వంద్వయుద్ధము చేయువారు కుడిచేత సన్నని పొడవు కత్తిని, ఎడమచేత బాకును పట్టెడివారు. విద్యార్థులు గమనింపవలసినది ఆ బాకు చేయు పని. అది ముఖ్యముగా ఎదిరి కత్తిని అడ్డుకొనుటకే. అనగా అది డాలునకు చిన్న చెల్లెలు. అవకాశము దొరికిన పొడుచును, అంతియే. రెండవ ఆయుధము పొట్టిదిగా నుండుటకును కారణము కలదు. రెండును పొడవైనచో ఒకదానికొకటి అడ్డు తగులును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు ఊరక అనలేదు.

మరియొక సంగతి. పైవారందరును ఒంటరిగా ఒకరితో ఒకరు పోరినవారు. వరుసలు కట్టి నిలిచిన సైన్యముల మాట వేరు. అచ్చట బాణములు దూరమునుండి వచ్చును, ఈటె కత్తికంటె ముందుగా చేరును, ప్రక్కవానికి తగులకుండ రెండు చేతులను త్రిప్పుటకు చోటుండదు. కనుకనే ప్రాచీన సైన్యములు డాలును నమ్ముకొన్నవి.

కల్పిత లోకపు ఆటలో ఈ నిజములతో పనియేమి, మంత్రముతో కొండను లేపువానికి రెండు కత్తులు బరువా యని ఒక బాలుడు అడిగెను. మంచి ప్రశ్నయే. కథలో నైనచో ఆ సమాధానము చాలును. ఆటలో చాలదు. కథకుడు తన వీరుని ఎంత బలవంతుని చేసినను వినువారికి నష్టము లేదు. ఆటలో ఎదుట మరియొకడు కూర్చుండియున్నాడు. ఒక ఆయుధము అన్నివిధముల మేలైనదైనచో అతడును దానినే పట్టును. అప్పుడు ఆలోచించి ఎన్నుకొనుటకు ఏమియు మిగులదు. వ్యూహక్రీడకు ప్రాణము ఆ ఎన్నికయే.

చదరంగమును చూడుడు. పూర్వము మన మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచెడివాడు. క్రీ.శ. 15వ శతాబ్దపు చివరి భాగమున యూరపువారు అతనికి ఏనుగు నడకను, శకటు నడకను రెంటిని కలిపి యిచ్చిరి. అతడే చదరంగపు రెండు కత్తుల వీరుడు. ఆటగాండ్ర లెక్కలో ఏనుగు విలువ 5, శకటు విలువ 3; రెండును కలిసిన మంత్రి విలువ 8 కాదు, 9. కలయికకు అదనపు బలము కలదన్నమాట. అయినను ఆట చెడలేదు. ఆరంభమున పక్షమునకు అట్టివాడు ఒక్కడే. పైగా అతడు పోయినచో పక్షమంతయు కుంగును గనుక ఆటగాడు అతనిని తొందరపడి ముందుకు త్రోయడు.

ఈ తగవు క్రొత్తది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన "డంజియన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆట యుద్ధక్రీడలనుండియే పుట్టినది. 1979లో వెలువడిన దాని నిర్వాహక గ్రంథము రెండు ఆయుధములకు అనుమతి యిచ్చి, వెల కూడ కట్టినది. ఇరువది ముఖముల పాచికపై మొదటి చేతికి 2, రెండవ చేతికి 4 తగ్గింపు. రెండవ ఆయుధము బాకో చిన్న గొడ్డలియో కావలెను. 4 తగ్గుట యనగా తగులు అవకాశము నూటికి 20 పాళ్లు పడిపోవుట. వేగమును నేర్పును మిక్కిలిగా గలవానికి ఈ తగ్గింపు సడలును. 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ నవలతో డ్రిజ్ట్ అను రెండు కత్తుల వీరుడు ప్రసిద్ధి కెక్కిన పిమ్మట తామును అట్లే కావలెనని కోరిన ఆటగాండ్రు పెక్కురు. నియమములు పలుమార్లు మారినను వెల మాత్రము పూర్తిగా తొలగలేదు. 2014 నాటి కూర్పున రెండును తేలిక ఆయుధములే కావలెను. రెండవ దెబ్బకు శరీరబలము వలని అదనపు లాభము మామూలుగా చేరదు.

ఇది ఒక్కొక్క వీరుని ఆట. సైన్యములను నడుపు ఆటలో దారి వేరు. 2003లో డేవిడ్ వైట్ ఆరంభించిన "బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్" అను కంప్యూటరు ఆట ఉచితముగా లభించును. అందు ఎల్ఫు యోధుని కత్తికి 5 బలము గల దెబ్బలు నాలుగు. గ్రంట్ అను ఓర్కు భటునికి 9 బలము గల దెబ్బలు రెండు. ఎవని ఏ చేతిలో ఏమున్నదో లెక్క అడుగదు. చురుకుదనమంతయు దెబ్బల సంఖ్యలో ఇమిడిపోయినది. దెబ్బ తగులుటకు నూటికి 60 పాళ్లు అవకాశమున్న చోట, ఓర్కు దెబ్బలు రెండును తప్పిపోవుట నూటికి 16 మార్లు. ఎల్ఫు దెబ్బలు నాలుగును తప్పుట నూటికి మూడు మార్లైనను లేదు. చిన్న దెబ్బలు పెక్కు కొట్టువాడు నమ్మదగినవాడు. పెద్ద దెబ్బలు కొన్ని కొట్టువాడు అదృష్టముపై ఆధారపడినవాడు. రెండు కత్తుల సారము ఇదియే యని మా తలంపు.

కనుక మేము ఆ అంకెలనే ఎరువు తెచ్చి మా పిల్లల ఆటకు నియమము కట్టితిమి. బంట్లకు రెండు కత్తులు లేవు. వీరునికి మాత్రము కలవు. అతడు 5 బలముతో నాలుగు దెబ్బలు కొట్టును. కత్తి డాలు వీరుడు 9 బలముతో రెండు దెబ్బలు కొట్టును. అతని డాలు తనపై పడు ప్రతి దెబ్బనుండియు 2 తగ్గించును. ఇద్దరును ఎదురైనచో రెండు కత్తులవాడు ఇచ్చు గాయము నాలుగు మూళ్లు 12. పుచ్చుకొను గాయము 18. ఓడిపోవును. కాని బంటు ప్రాణము 10. బంట్ల గుంపులో పడినచో రెండు కత్తులవాడు ఒక్క వంతున ఇద్దరిని కూల్చును. డాలువాడు ఒక్కనినే కూల్చగలడు. మరునాటినుండి డాలు మరల గళ్లపైకి వచ్చినది. ఏ వీరుని ఎచ్చటికి పంపవలెనను చర్చ విరామసమయమంతయు సాగుచుండెను.

నియమమును నోటు పుస్తకమున వ్రాయునప్పుడు మేమొక పొరపాటు చేసితిమి. "ఎడమచేతి ఆయుధము పొట్టిదై యుండవలెను" అని చెప్పి వ్రాయించితిమి. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "మాష్టారూ, నాకు కుడిచెయ్యే కదండీ రెండో చెయ్యి?" అని అడిగెను. ఆమె ఎడమచేత వ్రాయును. ఆ సంగతి మేమెరుగుదుము. ఎరిగియు వాక్యము కట్టునప్పుడు తలపునకు రాలేదు. మేము చదువుకొన్న నాళ్లలో ఎడమచేత బలపము పట్టినవారి వ్రేళ్లపై బెత్తము పడెడిది. నేటికిని కొన్ని యిండ్లలో ఆ చేయి కనబడగానే పెద్దలు మందలించుచున్నారు. ఎడమచేత వ్రాయుట దోషము కాదనియు, బలవంతముగా మార్పింపరాదనియు తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.

"ఎడమచేతి" యను మాటను కొట్టివేసి, "రెండవ చేతి" అని ఆమెచేతనే దిద్దించితిమి. ఆ దినము ఆమె వీరుడు కుడిచేత బాకును, ఎడమచేత పొడవు కత్తిని పట్టి వాగు దాటినాడు.