రువాండా అనాథలు - క్రైస్తవ క్షమ

ఆఫ్రికా ఖండమధ్యమున రువాండా అను చిన్నదేశము కలదు. అచ్చటి హుటూలును టుట్సీలును ఒకే భాష మాటలాడుదురు. ఒకే కొండవాలున ఇరుగుపొరుగై నివసింతురు. పరభాషల నడుమ మాతృభాషను కాపాడుకొనుచున్న మనకు ఇది ఆలోచింపదగినది. భాష ఒక్కటియైనచో ఐకమత్యము దానంతట వచ్చునని మనము తలచుట కద్దు. బెల్జియమువారి పాలనలో, 1930 తరువాతి కొలది యేండ్లలో, ప్రతివారి గుర్తింపుచీటిపై వర్గనామము వ్రాయబడెను. 1962లో స్వాతంత్ర్యము వచ్చినను ఆ చీట్లు పోలేదు. తరగతిలో ఉపాధ్యాయుడు వర్గము పేరు పిలిచి పిల్లలను లేచి నిలుచుండుమనెడి వాడుక పెక్కు బడులలో నుండెను. తనది ఏ వర్గమో అంతవరకు ఎరుగని పసివాడు ఇంటికి పోయి తల్లి నడిగి తెలిసికొనెడివాడు.

1994 ఏప్రిల్ 7 మొదలు ఇంచుమించు నూరుదినములలో, ఐక్యరాజ్యసమితి లెక్కనుబట్టి 8 లక్షలమంది, రువాండా ప్రభుత్వపు లెక్కనుబట్టి 10 లక్షలకు మించిన జనులు వధింపబడిరి. మృతులలో అత్యధికులు టుట్సీలు. హత్యల నెదిరించిన హుటూలును కలరు. చంపినవారును చచ్చినవారును చాలవరకు క్రైస్తవులే. న్టరామా, న్యమాటా గ్రామములలో ప్రాణభీతితో దేవాలయమున చేరినవారు అచ్చటనే హతులైరి. న్యాంగే గ్రామమున లోపల జనులుండగనే దేవాలయమును యంత్రముతో కూలద్రోసిరి. ఆ నేరమున పాలుగొన్న అచ్చటి ఫాదరునే అంతర్జాతీయ న్యాయస్థానము 2006లో దోషిగ నిర్ణయించి, 2008లో యావజ్జీవశిక్ష విధించెను.

కావున క్షమను బోధించుటకు ముందు సంఘము తానే క్షమాపణ వేడవలసి వచ్చినది. 2016లో రువాండా కతోలిక బిషప్పులును, 2017లో పోపు ఫ్రాన్సిసును ఆ పని చేసిరి. ఇరువదియేండ్లు దాటిన పిదపనా యని అడుగువారి మాటలో న్యాయము లేకపోలేదు.

ఆ మారణహోమమువలన తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు దాదాపు 95,000 మందియని యూనిసెఫ్ సంస్థ అంచనా. పండ్రెండేండ్ల అక్క తమ్ములకు వండిపెట్టి యింటి పెద్దయైన కుటుంబము లెన్నియో. పూర్వాచారమునుబట్టి ఆడుబిడ్డకు తండ్రి భూమిలో హక్కు లేదు. 1999లో చట్టము మారినతరువాత గాని ఆ అక్కకు పొలముపై అధికారము కలుగలేదు. రాజధాని కిగాలీలో దమాస్ గిసింబా అను నాతడు తన కుటుంబమువారి అనాథాశ్రమమున సుమారు 400 మందిని దాచి బ్రతికించెను. 1996లో బుటారే విశ్వవిద్యాలయమున చదువుచున్న అనాథలు చేసిన ఏర్పాటు మరియు విశేషమైనది. వారు తమలోనే ఒకనిని తండ్రిగను, ఒకతెను తల్లిగను ఎన్నుకొని, తక్కినవారు బిడ్డలై కుటుంబములు కట్టుకొనిరి. రోగము వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండుటకును, పెండ్లిలో పెద్దలుగ నిలుచుటకును వారికి వారే దిక్కు. ఇరువదియేండ్ల తండ్రి, పందొమ్మిదేండ్ల కూతురు!

ఇట్టి బిడ్డలయెదుటికే క్షమాపణ ప్రశ్న వచ్చినది. 2005 మొదలు 2012 వరకు దేశమంతట, గ్రామస్థులు పచ్చికపై కూర్చుండి విచారణ జరుపు గచాచా అను న్యాయసభలు సుమారు 12,000 నడచినవి. నేరమొప్పుకొని, శవములెచ్చట పడవేసినదియు చెప్పి, క్షమింపుమని వేడినవానికి శిక్ష తగ్గెడిది. అట్లు చెప్పినందుననే పెక్కుమంది పిల్లలు తల్లిదండ్రుల అస్థికలను వెదకి పాతిపెట్టుకొనగలిగిరి. ఇది సామాన్యలాభము గాదు. ఐనను ‘క్రైస్తవుడవు గదా, క్షమింపుము’ అని సభలో పదిమందియు చూచుచుండగా బాలుని నిర్బంధించుట ధర్మమని నాకు తోచదు. ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడిగినపుడు యేసు హద్దు విధింపలేదు, నిజమే. కాని ఆ ప్రశ్న తప్పునకు గురియైనవాని ప్రశ్న. ఆ మాటతో ఇతరుడు వానిని అదలించుటకు వీలులేదు. అనాథలను పరామర్శించుటే నిజమైన భక్తియని యాకోబు పత్రిక చెప్పుచున్నది. అది మాత్రము చుట్టునున్న పెద్దలందరి పని. బిడ్డ క్షమించిన పిదప చేయుదమని దానిని వాయిదా వేయుటకు వీలులేదు.

కొందరు క్షమించిరి, తండ్రిని చంపినవాని కుమారునితో కలిసి పొలము దున్నుచున్నవారును కలరు. కొందరు క్షమింపలేమని చెప్పి, ఆ కొండపైననే, ఆ బావినీరే త్రాగుచు బ్రతుకుచున్నారు. ఆనాటి అనాథలు నేడు తల్లిదండ్రులైరి. ఏప్రిల్ నెలలో సంస్మరణదినములు వచ్చినప్పుడు, తాతలెట్లు పోయిరో పిల్లలకు ఎంతవరకు చెప్పవలెనను ప్రశ్న వారియెదుట నున్నది.