చలి పొద్దులో సైకిల్ ఎప్పుడు ఆపాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో మన చీపురుపల్లి చుట్టుపక్కల పిల్లలు తెల్లవారకముందే ట్యూషన్లకు సైకిళ్ల మీద బయలుదేరతారు. "ఈ చలిలో పంపవచ్చా మాస్టారూ?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. దీనికి థర్మామీటరు ఒక్కటే జవాబు చెప్పలేదు.

మన ఒంటి వేడికి చుట్టూ పలుచని వెచ్చని గాలి పొర ఏర్పడుతుంది. సైకిల్ కదిలితే ఆ పొర చెదిరిపోతుంది. అందుకే 10 డిగ్రీల చలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే 8 డిగ్రీల చలిలా తోస్తుంది. లంబసింగి వంటి మన్యం ఊళ్లంత చలి మన మైదానంలో ఉండదు. చెవులు, ఛాతీ, చేతులు కప్పుకుంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నిశ్చింతగా వెళ్లవచ్చు.

అయితే మూడు సందర్భాల్లో ఆగాలి.

ఒకటి: వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు గట్టిగా పట్టలేనప్పుడు. ఇంటి ముందే నొక్కి చూడాలి. దారిలో తిమ్మిరెక్కితే దిగి, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకోవాలి.

రెండు: ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు, పిల్లికూతలు మొదలైనప్పుడు. చల్లని పొడిగాలికి వారి శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి.

మూడు: పొగమంచు. అసలు ప్రమాదం ఇదే. చూపు 1000 మీటర్ల లోపుకు పడిపోతే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ 50 మీటర్లను 3 సెకన్లలో దాటేస్తుంది. రోడ్డు పక్కన రెండో కరెంటు స్తంభం కనిపించకపోతే సైకిల్ తీయవద్దు; మంచు విడేదాకా ఆగండి. లైటు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్నా సరే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆలస్యమైతే బయట నిలబెడతారన్న భయంతోనే పిల్లలు మంచులో తొక్కుకుంటూ వస్తారు. మంచు పట్టిన రోజున ఆ అరగంట వారికి వదిలేద్దాం. పాఠం మళ్లీ చెప్పుకోవచ్చు.