బుర్గుండీసీమలోని పచ్చదారి

చదువరులారా! బైసికిలు నెరుగనివారు మనలో లేరు. బడికి వచ్చుటకును, సంతకు పోవుటకును, పొరుగూరి చుట్టములను చూచివచ్చుటకును అదియే మనకు సాధనము. కాని బైసికిలు త్రొక్కువాడు బాటమీద నిశ్చింతగా నుండుట యరుదు. వెనుకనుండి లారీ మ్రోత, ప్రక్కనుండి కారు, ఎదుటనుండి బస్సు. వాని కన్నులు బాటను విడువజాలవు. చుట్టునున్న పొలములను, కొండలను, ప్రాచీనకట్టడములను చూచుటకు వానికి తీరిక యెక్కడిది? ఇట్టి యిక్కట్టు లేని దారి యొకటి ఫ్రాన్సుదేశమున బుర్గుండీ యను సీమలో కలదు. దాని వృత్తాంతమును, దానివలన మనము నేర్వదగిన సంగతులను ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

ఆ దారి పుట్టిన విధము

బుర్గుండీసీమయందు సోన్-ఎ-లువార్ అను జిల్లా యున్నది. సోన్ నదికి పడమట ద్రాక్షతోటలతో నిండిన కొండవాలులును, వాని కావల గ్రోన్ అను చిన్న యేటి లోయయు నుండును. పూర్వము షలోన్ పట్టణమునుండి క్లూనీ మీదుగా మాకోన్ పట్టణమునకు ఈ ప్రదేశముననే రైలుమార్గముండెడిది. ద్రాక్షసారాయి పీపాలును, కొండరాయియు, సంతకు పోవు జనులును ఇట్టి మార్గములపైననే సాగెడివారు. 20వ శతాబ్దమున మోటారుబండ్లు హెచ్చిన కొలది రైలెక్కువారు తగ్గిరి. తుదకు రైళ్లు నిలిచిపోయెను. కట్ట మాత్రము మిగిలెను.

ఆ కట్ట నేమి చేయవలయును? దున్ని పొలములలో కలుపుకొనవచ్చును, ముక్కలుగా నమ్మివేయవచ్చును, ముండ్లపొదలకు విడిచిపెట్టవచ్చును. ఆ జిల్లావారు వేరొక యుపాయమును పన్నిరి. జివ్రీ యను గ్రామమునుండి క్లూనీ వరకు 44 కిలోమీటర్ల పొడవున కట్టను చదునుచేసి, పైని నున్నని తారుపూత వేసి, 1997వ సంవత్సరమున నడచువారికిని బైసికిళ్లవారికిని తెరచిరి. దీనికి ఫ్రెంచిభాషలో ‘వ్వా వెర్త్’ అని పేరు, అనగా పచ్చదారి. ఆ దేశమందలి పచ్చదారులలో ఇదియే మొదటిదని ప్రసిద్ధి. అటుపిమ్మట 2004వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు బాటల చట్టమునందును ఈ పేరు చేరినది. మోటారుబండ్లకు ఇందు ప్రవేశము లేదు. పాదచారులు, బైసికిళ్లవారు, గుర్రపురౌతులు మొదలగువారి కొరకే యిట్టి దారి యేర్పడినది. చక్రముల కుర్చీలో కూర్చుండువారును, ఇప్పుడిప్పుడే బైసికిలు నేర్చుకొనుచున్న చిన్నపిల్లలును భయము లేక దానిపై పోవచ్చును.

రైలుకట్ట బైసికిలున కేల యనుకూలము?

ఇది మన పాఠశాలలో నేర్చుకొను పదార్థవిజ్ఞానమునకు సంబంధించిన ప్రశ్న. ఇనుపచక్రము ఇనుపపట్టాపై మిక్కిలి తేలికగా దొరలును. కాని యెగుడు ఎక్కవలసి వచ్చినచో జారిపోవును. కావున రైలుమార్గమును వేయు ఇంజనీర్లు వాలును మిక్కిలి తక్కువగా నుంచుదురు. మిట్టలను త్రవ్వి, పల్లములను పూడ్చి, కొండ యడ్డము వచ్చినచో సొరంగము తొలిచి, మలుపులను విశాలముగా త్రిప్పుదురు. ఆవిరియంత్రము కొరకు వారు పడిన శ్రమఫలమును నేడు బైసికిలువాడు అనుభవించుచున్నాడు.

లెక్కవేసి చూతము. మనుష్యుడును బైసికిలును కలిసి 80 కిలోగ్రాముల బరువనుకొందము. నున్నని బాటమీద, బాగుగా గాలినింపిన చక్రములు దొరలుటలో కలుగు నిరోధము ఆ బరువులో సుమారు 200వ వంతు. అనగా 400 గ్రాములు. గాలివలని నిరోధమును ఇప్పటికి విడిచిపెట్టుదము. బాట నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తైనచో, బరువులో నూరవవంతు, అనగా 800 గ్రాములు దానికి తోడగును. మొత్తము 1200 గ్రాములు. సమతలమున పడు శ్రమకు ఇది మూడురెట్లు. కొండబాట నూరింటికి ఆరు చొప్పున ఎత్తైనచో తోడగునది 4800 గ్రాములు, మొత్తము 5200. అనగా పదుమూడురెట్లు! ఇంత స్వల్పమైన వాలు కాళ్ల కెంత భారమగునో దీనివలన తెలియగలదు. రైలుకట్టమీద గంటకు 15 కిలోమీటర్ల చొప్పున సాగువాడు జివ్రీనుండి క్లూనీకి సుమారు మూడు గంటలలో చేరును. ఆయాసము మాత్రము అంతగా నుండదు.

బైసికిలు కూడ ఒక్కనాట నిట్టి రూపమును పొందలేదు. రెండు సమానచక్రములును, వెనుకచక్రమును త్రిప్పు గొలుసును గల ‘రోవర్’ బండిని ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ 1885వ సంవత్సరమున వెలువరించెను. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన రబ్బరుచక్రమును బెల్‌ఫాస్టు పట్టణమున నిర్మించెను. ఈ రెంటి కలయికచే బైసికిలు సామాన్యజనుల వాహనమాయెను. దానిపై దూరప్రయాణములు చేయుటను ఫ్రాన్సుదేశమున ప్రచారము చేసినవారిలో పాల్ ద వివీ ముఖ్యుడు. 1853లో పుట్టిన యీతడు, కొండలెక్కుటకు బైసికిలునకు పలువిధముల పండ్లచక్రము లుండవలయునని పట్టుబట్టి, తానే ప్రయోగములు చేసి చూపెను. జీవితమంతయు బాటలమీద గడపిన యీ మహాశయుడు 1930లో వీధిలో ట్రాముబండి తగిలి మరణించెను. మోటారులు నేటివలె నిండని ఆ కాలముననే బాట యిట్లుండినచో, నిశ్చింతమగు దారి యెంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

దారిపొడవున కనబడు విశేషములు

జివ్రీయు, దాని దక్షిణముననున్న బ్యూసీయు ద్రాక్షసారాయికి పేరుపడిన గ్రామములు. దారి కిరువైపుల తోటలు వరుసలు తీరి యుండును. పాత స్టేషనుకట్టడములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. అటుపైని సాన్ జాంగూ ల నాసియొనాల్ అను ఊరు వచ్చును. దీని పేరులోనే చరిత్ర యున్నది. రాజుల కాలమున ఇది ‘రాజుగారి’ సాన్ జాంగూ. రాజరికము పోయిన పిమ్మట ‘జాతీయ’ సాన్ జాంగూ అయ్యెను.

ఇంక కొంతదూరము పోయినచో కోర్మతాన్ కోట కనబడును. 17వ శతాబ్దపు ఆరంభమున కట్టిన యీ కోట చుట్టును నీటికందక మున్నది. లోని గదుల గోడలును పైకప్పులును బంగారుపూతతోను రంగులతోను ఆ కాలపు ప్రభువుల వైభవమును నేటికిని చూపుచున్నవి. దాని దక్షిణమున, గుట్టమీద తైజే గ్రామము. 1940లో, ఫ్రాన్సు జర్మనుల చేత చిక్కిన దినములలో, రోజర్ అను స్విట్జర్లండు యువకుడు ఈ పేదపల్లెకు వచ్చి ఇల్లు కొని, ప్రాణభీతితో పారివచ్చిన యూదులు మొదలగువారికి ఆశ్రయమిచ్చెను. అచ్చట నేర్పడిన సోదరసమాజమును చూచుటకు నేడు అనేక దేశములనుండి యువజనులు వచ్చుచున్నారు.

క్లూనీ

క్లూనీమఠమును 910వ సంవత్సరమున అక్విటేన్ ప్రభువగు విలియము స్థాపించెను. ఆ చుట్టుపట్ల ప్రభువుల కెవ్వరికిని మఠముపై నధికారము లేకుండ, రోములోని పోపునకు మాత్రమే లోబడియుండునట్లు ఏర్పాటు చేసెను. ఈ స్వాతంత్ర్యముచే మఠము త్వరలో వృద్ధిపొంది, ఐరోపాఖండమున వందలకొలది మఠములకు తల్లి యయ్యెను. హ్యూగో అను మఠాధిపతి 1088లో క్రొత్త దేవాలయమునకు పునాది వేయించెను. అది ముగిసినప్పుడు దాని పొడవు సుమారు 187 మీటర్లు. రోమునందలి సెయింటు పీటరు దేవాలయమును క్రొత్తగా కట్టువరకు క్రైస్తవలోకమున దీనిని మించిన దేవాలయము లేదు.

అట్టి దేవాలయమును చూడగోరి పోయినవారికి నేడు కనబడున దేమి? అడ్డుశాల యొక్క దక్షిణభాగమును, దానిపై నెత్తైన గోపురమును, మరికొన్ని శకలములును మాత్రమే. మొత్తములో పదింట నొకపాలును మిగులలేదు. ఫ్రెంచివిప్లవకాలమున 1790లో సన్న్యాసులు మఠమును విడువవలసి వచ్చెను. 1798లో కట్టడమును వర్తకులకు విక్రయించిరి. వారు దేవాలయము నడుమనుండి వీధిని తీసి, గోడలను కూల్చి, రాతిని అమ్ముకొనిరి. ఏడువందల యేండ్లు నిలిచిన గోడలు ఇరువదియైదేండ్లలో కంకరయైపోయెను. 1928వ సంవత్సరము మొదలుకొని కెన్నెత్ కోనంట్ అను అమెరికాదేశపు పండితుడు అచ్చట త్రవ్వించి, పునాదుల నాధారముగా చేసికొని ఆ దేవాలయరూపమును చిత్రములలో మరల నిలిపెను. చిత్రములలో నిలుపగలిగెను గాని నేలమీద నెవ్వరు నిలుపగలరు?

విడిచిన వస్తువు

ఇచ్చట మనము ఆలోచింపవలసిన దొకటి గలదు. ఈ దారిమీద మనకు రెండు విడిచిన వస్తువులు కనబడుచున్నవి: ఒకటి మఠము, రెండవది రైలుమార్గము. రెండును తమ మొదటి యుపయోగమును కోల్పోయినవే. మఠము ముక్కలైపోయినది. రైలుకట్ట మాత్రము ఒక్క వస్తువుగా నిలిచి, రెండవ జన్మమెత్తినది. కట్టకు విలువ దాని ఎడతెగని పొడవునందున్నది. పొలము పొలమునకు ఒక ముక్క చొప్పున అమ్మివేసి యుండినచో, దానిని మరల నొక్కటిగా కూర్చుట ఎంత ధనము పోసినను దుర్లభము.

రైలు పోవుట మంచిదయ్యెనని మేము చెప్పుటలేదు. కారు లేని వృద్ధునికిని, పట్టణపు బడికి పోవు పిల్లవానికిని రైలు నిలిచిపోవుట నష్టమే. ఆ నష్టమును పచ్చదారి పూర్తిగా తీర్పజాలదు. ఐనను, పోయినదానికై చింతించుచు మిగిలినదానిని కూడ పోగొట్టుకొనకుండుట వివేకము.

సొరంగము

క్లూనీకి దక్షిణమున దారిని తరువాతికాలమున మాకోన్ దిక్కునకు పెంచిరి. అచ్చట బ్వా క్లేర్ అను కొండక్రింద, సుమారు 1600 మీటర్ల పొడవుగల పాత రైలుసొరంగములోనుండియే బైసికిళ్లు పోవును. మండువేసవిలోను లోపల చల్లగా నుండును. చలికాలమున మాత్రము సొరంగమును మూసివేయుదురు. ఏలయన గబ్బిలములు ఆ మాసములందు అచ్చట నిద్రించును. నడుమ మేల్కొలిపినచో, ఒంటనున్న క్రొవ్వు వృథాగా ఖర్చై, వసంతము రాకమునుపే చచ్చిపోవును. అప్పుడు బైసికిళ్లవారు కొండమీది బాటను పట్టుదురు. మనుష్యుడు తన సౌకర్యమును కొన్ని మాసములు వదలుకొని చిన్నప్రాణికి చోటిచ్చుట మెచ్చదగినది కదా!

సొరంగము దాటిన పిమ్మట బెర్జే గ్రామమున క్లూనీసన్న్యాసుల చిన్న దేవాలయ మొకటి కలదు. దాని గోడలమీది 12వ శతాబ్దపు చిత్రములు చిరకాలము సున్నపుపూత క్రింద దాగియుండి, 1887లో వెలుగులోనికి వచ్చినవి. పెద్ద దేవాలయపు చిత్రములు నశింపగా, వాని సొగసెట్టిదో యీ చిన్నగోడయే మనకు తెలుపుచున్నది.

విద్యార్థులారా! మీ యూర వాడుక తప్పిన బావియో, పాత కట్టయో, శిథిలమైన సత్రమో యుండవచ్చును. దానిని త్రవ్వి రాయి పట్టుకొనిపోవుటకు ముందు, దానివలన మరియొక యుపయోగము కలదేమో విచారింపుడు. పెద్దల నడిగి దాని చరిత్రను వ్రాసి యుంచుడు.

అభ్యాసము

1. మీరును మీ బైసికిలును కలిసి ఎంత బరువో తూచి, నూరింటికి రెండు చొప్పున ఎత్తగు బాటపై మీ శ్రమ సమతలమున కంటె ఎన్నిరెట్లో కనుగొనుడు.

2. క్లూనీ దేవాలయము నశించుటకును రైలుకట్ట నిలుచుటకును గల కారణములను పోల్చి వ్రాయుడు.

3. మీ గ్రామమున మొదటి యుపయోగము కోల్పోయిన కట్టడమొకదానిని వర్ణించి, దానికి తగిన రెండవ యుపయోగమును సూచింపుడు.