కాలినడక పట్టణము

ముంబయి మహానగరమునకు తూర్పుగా, సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ఒక కొండ నెత్తమున మాథేరాన్ అను చిన్న పట్టణము కలదు. ఇది మహారాష్ట్రములోని రాయగడ జిల్లాకు చెందినది. సముద్రమట్టమునకు దీని యెత్తు దాదాపు 800 మీటర్లు. మరాఠీ భాషలో ‘మాథా’ యనగా తల, ‘రాన్’ అనగా అడవి. కొండతలపై నున్న యడవి కనుక ఈ పేరు కలిగినదని పలువురు చెప్పుదురు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇచ్చటి నివాసులు అయిదువేల మందియైనను లేరు.

ఇంత చిన్న ఊరు దూరదేశములందు సైతము పేరు పొందుటకు కారణ మొక్కటి కలదు. ఈ పట్టణ వీధులలో పెట్రోలు బండ్లు తిరుగవు. కారైనను, బస్సైనను, స్కూటరైనను దస్తూరి నాకా అను చోట ఆగిపోవలసినదే. అచ్చటినుండి బజారు రెండున్నర కిలోమీటర్ల దూరమున నుండును. శక్తిగలవారు నడచిపోవుదురు; తక్కినవారు గుఱ్ఱమునో, చిన్న రైలునో ఆశ్రయింతురు. రోగులను గొనిపోవు అంబులెన్సుకు మాత్రము మినహాయింపు కలదు.

1850వ సంవత్సరము మే నెలలో ఠాణా జిల్లా కలెక్టరు హ్యూ మాలెట్ ఈ కొండను ‘కనుగొనెను’ అని గ్రంథములందు వ్రాయుట ఆచారము. ఈ మాటను కొంచెము సవరించుకొనవలసియున్నది. ఠాకూరులు, కాత్కరీలు మొదలగు గిరిజనులు అంతకు బహుకాలము పూర్వమే ఈ కొండల దారులెఱిగినవారు. మాలెట్ దొర కొండ దిగువనున్న చౌక్ గ్రామమునుండి ‘వన్ ట్రీ హిల్’ అనబడు శిఖరము మీదుగా ఎక్కి, రామ్‌బాగ్ వైపున దిగెను. పిమ్మట బొంబాయి గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ ఇచ్చట వేసవి విడిదిని అభివృద్ధి చేసెను. 1904 మొదలు 1907 వరకు అబ్దుల్ హుసేన్ ఆదమ్‌జీ పీర్‌భాయ్ అను వర్తక కుటుంబీకుడు దిగువనున్న నేరళ్ స్టేషను నుండి పైకి రెండడుగుల వెడల్పు గల రైలుమార్గమును నిర్మింపజేసెను. ఇరువది కిలోమీటర్ల పైచిలుకు దూరము ఆ చిన్న రైలు వంకరలు తిరుగుచు కొండ నెక్కును. 2005 జూలైలో కురిసిన మహావర్షమునకు ఈ మార్గము కొట్టుకొనిపోగా, 2007లో మరల రైలు నడచెను.

మాథేరాన్ యందలి నిజమైన సంపద కాలిబాటలే. కొండయంచున లోయ కనబడు చోట్లను ఇచ్చటివారు ‘పాయింట్లు’ అందురు. ఇట్టివి ముప్పదికి పైగా కలవు. ఉత్తరపు కొసనున్న పనోరమా పాయింటు సూర్యోదయమునకు ప్రసిద్ధము. పడమటనున్న పోర్క్యుపైన్ పాయింటు సూర్యాస్తమయమునకు ప్రసిద్ధము. ఊరిలో పేమాస్టర్ పార్కు అను ఉద్యానవనము కూడ కలదు. ఊరంతయు వనమే యైనచోట వేరొక వన మెందులకని తోచవచ్చును గాని, దూరము నడువలేని వృద్ధులకు, పసిబిడ్డలకు అది మిక్కిలి యనుకూలమైన చోటు.

ఒక్క దిన మే యున్నవారు బజారునుండి షార్లట్ సరస్సు వైపు పోవు బాట పట్టుట మంచిది. సతతహరిత వృక్షములు ఇరువైపుల నుండి కొమ్మలు కలుపుటచే మధ్యాహ్నమునందైనను బాటపై ఎండ చుక్కలుచుక్కలుగా మాత్రమే పడును. నేరేడు చెట్లు విస్తారముగా నుండును. తలయెత్తి ఓపికగా చూచినచో ‘శేక్రు’ అను పెద్ద ఉడుత కొమ్మనుండి కొమ్మకు దుముకుట కనబడును. ముక్కు మొదలు తోక కొన వరకు అది మూడడుగుల దాక నుండును. మహారాష్ట్రమునకు అదియే రాష్ట్రజంతువు. కోతులను చూచుటకు మాత్రము ఓపిక అక్కఱలేదు. చేతిలో తినుబండారమున్నచో అవియే వచ్చి లాగుకొనును.

షార్లట్ సరస్సు సహజమైన కొలను కాదు, ఆనకట్ట కట్టి నిలిపిన నీరు. పట్టణమునకు తాగునీరు ఇందుండియే వచ్చుచుండెడిది గనుక దీనిని శుభ్రముగా కాపాడుకొనిరి. సరస్సుకు చేరువనే ఎకో పాయింటు కలదు. అచ్చట నిలిచి కేక వేసినచో ఎదుటి కొండగోడకు తగిలి ధ్వని తిరిగి వచ్చును. గాలిలో ధ్వని సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు పోవును. కావున కేక ఒక సెకనునకు తిరిగి వినబడినచో ఎదుటి గోడ 170 మీటర్ల దూరమున నున్నదని లెక్క. చాలమంది కేకలు వేసి నవ్వుకొని పోవుదురు గాని, గడియారము చూచి దూరము కట్టువారు అరుదు. ఆ బాటనే మఱికొంత పోయినచో లూయిసా పాయింటు వచ్చును. లోయ కావల ప్రబల్‌గఢ్ దుర్గపు కొండ నిటారుగా నిలిచియుండును.

ఈ బాటలన్నియు ఎఱ్ఱనివి. ఇచ్చటి లేటరైటు నేలలో ఇనుము తుప్పు వంటి పదార్థము అధికముగా నుండుటయే ఇందుకు కారణము. ఎండకాలమున వేలకొలది పాదములును, గుఱ్ఱపు డెక్కలును ఆ మట్టిని పొడిపొడి చేయును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు భారీవానలు ఆ పొడిని లోయలలోనికి కొనిపోవును. బాట ఏటేట క్రుంగును. ప్రక్కనున్న చెట్ల వేళ్లు బయటపడును. వేళ్లు బయటపడిన చెట్టు గాలివానకు నిలువదు. బాటలకు ఇటుకబిళ్లలు పఱచవలెనని కొందఱు కోరుటకు ఇది యొక కారణము. బిళ్లలపై గుఱ్ఱములు కాలు జాఱి పడుననియు, వాననీరు నేలలోని కింకదనియు మఱికొందఱు వాదించిరి.

ఇంకొక సంగతి బాటసారి కంటికి వెంటనే పడదు. ఊరికి కావలసిన బియ్యము, కూరలు, గ్యాసు బండలు, యాత్రికుల పెట్టెలు ఎవరో ఒకరు మోయనిదే పైకి చేరవు. గుఱ్ఱములు కొంత మోయును. కూలీలు నెత్తిపైనను, తోపుడు బండ్లపైనను మఱికొంత చేర్తురు. నడువలేని మనుష్యులను చేతిరిక్షాలలో కూర్చుండబెట్టి, ముందొకరు లాగుచు, వెనుక నొకరో యిద్దఱో త్రోయుచు ఎత్తుపల్లముల మీద గొనిపోవుట ఇచ్చటి ఆచారమయ్యెను. పొగ లేని ఊరను కీర్తి వెనుక ఆ మనుష్యుల ఊపిరి యుండెను.

2003లో కేంద్రప్రభుత్వము మాథేరాన్‌ను, పరిసరములను పర్యావరణ దృష్ట్యా సున్నితమైన మండలముగా ప్రకటించుటతో వాహన నిషేధము మఱింత గట్టిపడెను. చేతిరిక్షాలు లాగువారే తమకు విద్యుత్తుతో నడచు రిక్షాలను అనుమతింపవలెనని న్యాయస్థానము నర్థించిరి. గుఱ్ఱముల యజమానులు తమ జీవనము పోవునని అభ్యంతరము తెలిపిరి. రెండు పక్షములందును పేదలే యుండుటచే ఇది సులభమైన తగవు కాదు. సుప్రీంకోర్టు అనుమతిపై 2022లో కొన్ని విద్యుత్ రిక్షాలు ప్రయోగముగా నడచినవి. 2025 ఆగస్టులో అదే న్యాయస్థానము, ఒక మనిషిని మఱియొక మనిషి లాగుట మానవ గౌరవమునకు విరుద్ధమని చెప్పి, ఆరు నెలలలో చేతిరిక్షాలను దశలవారీగా తొలగింపవలెననియు, వానిని లాగువారికి విద్యుత్ రిక్షాల ద్వారా జీవనోపాధి కల్పింపవలెననియు ఆదేశించెను.

ఆ తీర్పుననే బాటల సంగతి కూడ తేలినది. దస్తూరి నాకా నుండి ఊరిలోని శివాజీ విగ్రహము వరకు గల ప్రధాన మార్గమునకు బిళ్లలు పఱచవచ్చును. అడవిలోనికి పోవు కాలిబాటలకు మాత్రము పఱుపరాదు. అవి మట్టిబాటలుగనే యుండవలెను.