బెదురు కుక్కకు ఇల్లు చూడటం

చి॥ మేనకోడలికి,

షెల్టర్‌కు కుక్క కోసం వచ్చేవాళ్లు సాధారణంగా జాలీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి తోక ఊపే కుక్కనే ఎంచుకుంటారు. తోక కాళ్ల మధ్య దోపుకుని, వెనక గోడకు ఒదిగి, ముఖం మూలకు తిప్పుకున్న కుక్క వాళ్ల కంట పడదు. పడినా, దానికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని దాటిపోతారు. వారాలు నెలలవుతాయి. చుట్టూ ఎడతెగని మొరుగుళ్లు, రోజుకో కొత్త మనిషి, ఫినాయిల్ వాసన. దాని బెదురు తగ్గాల్సింది పోయి ముదురుతుంది.

మేళాలూ ఇలాంటి కుక్కకు అక్కరకు రావు. 2025 ఆగస్టు 17న హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. పిల్లల వరకు అది మంచి పద్ధతే. ఎదిగిన బెదురు కుక్కను అంత జనంలో నిలబెడితే అది బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకుపోవడాన్ని చూసి ‘ఎంత నెమ్మదైన కుక్కో’ అని ఎవరైనా తీసుకెళ్తే, రెండో రోజే ప్రహరీ దూకుతుంది.

ఇల్లు వెతికే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ కుక్కకు అసలు ఇల్లు అవసరమా? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, వీధికుక్కకు సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. తన వీధి, తనకు అన్నం పెట్టే చేయి ఉన్న కుక్కకు అదే మేలు. మనుషులంటే భయపడినంత మాత్రాన అది దిక్కులేనిదని అనుకోనక్కర్లేదు. పది అడుగుల దూరం పాటిస్తూ నిక్షేపంగా బతికే ఊరకుక్కలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఇల్లు కావలసినవి వేరు. ఇంట్లో పెరిగి రోడ్డు మీద పడ్డవి, దెబ్బ తగిలి తిరిగి వీధిలో నెగ్గుకురాలేనివి, తల్లి లేక సీసా పాలతో పెరిగిన పిల్లలు. వీటికి ఇప్పుడు ఇంకో జాబితా తోడైంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కలను తీసి షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలవద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా వచ్చిన కుక్కకు పాత చోటు మూసుకుపోయినట్టే. దాని ముందున్నవి రెండే దారులు: ఎవరైనా పెంచుకోవడం, లేదా బతుకంతా బోను. అంతకుముందు 2025 ఆగస్టు 22న ఢిల్లీ ప్రాంతపు కుక్కల కేసులో అదే కోర్టు, పెంచుకుంటామని ముందుకొచ్చినవారికి కుక్కలను ఇవ్వవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వారిదేనని చెప్పింది. బెదురు కుక్క విషయంలో ఈ చివరి షరతే అన్నిటికన్నా బరువైనది.

బెదురు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే పని తేలికవుతుంది. కుక్కపిల్లకు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు మనిషిని తనవాడిగా లెక్కించుకునే వయసు. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించిన స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వివరించారు. ఆ వారాల్లో మనిషి చేయి తగలని పిల్ల పెద్దయ్యాక మనుషులందరినీ చూసి జంకుతుంది. కొట్టినందువల్ల బెదిరిన కుక్క మాత్రం కర్రకో, హెల్మెట్‌కో, మగ గొంతుకో బెదురుతుంది. రెండోదాన్ని మళ్లించడం కొంత సులువు. మొదటిదానికి నెలలు పడతాయి, కొన్నిటికి ఏడాది దాటుతుంది. అయితే ఈ లెక్కలన్నిటికీ ముందు పశువైద్యుడికి చూపించాలి. చెవిలో చీము, పాత ఎముక విరుపు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉన్న కుక్క కూడా మూలకే నక్కుతుంది. దానికి కావలసింది మందు.

భయాన్ని ఒంటి మీద చదవాలి. చెవులు వెనక్కి అణిగిపోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఆకలి లేకున్నా పెదవులు నాకడం, నిద్ర రాకున్నా ఆవలించడం, ముందు పెట్టిన మాంసాన్ని కూడా ముట్టకపోవడం దాని గుర్తులు. మొరిగే కుక్క కరవదంటారు. బెదురు కుక్క మొరగకుండానే పట్టేస్తుంది, అదీ పారిపోయే దారి లేనప్పుడు. అందుకే దాన్ని మూలకు నెట్టడం, మీదికి వంగడం, తల మీద చేయి వేయడం, ఎత్తుకుని ‘అలవాటు’ చేయాలనుకోవడం పనికిరావు. బలవంతంగా ముద్దుచేస్తే కుక్క మారదు, పారిపోవడం మానేసి ఓర్చుకుంటుంది. చూసేవాళ్లు దాన్ని మచ్చిక అనుకుంటారు.

షెల్టర్‌లో చేయవలసిన పని చూడటానికి పనిలా కూడా ఉండదు. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు బోనులోకి వెళ్లి, తలుపు పక్కన నేల మీద, కుక్కకు భుజం చూపించేలా పక్కకు తిరిగి కూర్చుంటే చాలు. కళ్లలోకి చూడకూడదు. ఉడికించిన కోడి కార్జం ముక్క ఒకటి కుక్కకూ తనకూ మధ్య సగం దూరంలో వేసి, చేతిలో ఏ వార్తాపత్రికో పట్టుకుని ఉండాలి. మొదట్లో ఆ మనిషి లేచి వెళ్లాకే ముక్క మాయమవుతుంది. తర్వాత మనిషి ఉండగానే మెడ సాచి, వెనక కాళ్లు వెనకే ఉంచి, అందుకుని మళ్లీ మూలకు చేరుతుంది. ఆ వెనక కాళ్లే కొలమానం: అవి కూడా ముందుకు కదిలిన రోజు కుక్క ఒక నిర్ణయం తీసుకున్నట్టు. అప్పుడు మాత్రమే పట్టా, ఆపైన హార్నెస్, ఆపైన గొలుసు, ఒక్కొక్కటీ తిండితో జతచేసి పరిచయం చేయాలి. బెదురు లేని ఇంకో కుక్క పక్కన ఉంటే సగం పని అదే చేసిపెడుతుంది. అమెరికాలోని ఏఎస్‌పీసీఏ సంస్థ 2013లో అచ్చంగా బెదురు కుక్కల కోసమే ఒక కేంద్రం మొదలుపెట్టింది. అంత హంగు లేని చోట కూడా ఓపికతో నడిచే పద్ధతి ఇది.

మొదటి మనిషి దగ్గర కుదురుకున్న కుక్కను వెంటనే ఇచ్చేయడం తొందరపాటు. రెండో మనిషి చేతి నుంచి కూడా తిండి తీసుకునేదాకా ఆగాలి. లేకపోతే అది నేర్చుకున్నది ఒక మనిషినే, మనుషులను కాదు. ఈ మెట్టు బోనులో కన్నా ఎవరి ఇంట్లోనైనా కొన్నాళ్లు ఉంచితే త్వరగా దాటుతుంది.

ఇల్లు ఎంచుకోవడంలో ఊరి తీరు చూడాలి. మన వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ వైపంతా పసుపు పండే నేల. సంక్రాంతి దాటితే తవ్వకం, ఆ వెనకే ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ డ్రమ్ముల మోత, వాకిట్లో కూలీలు, ట్రాక్టర్లు. కొత్త బెదురు కుక్క ఇంటికి రావడానికి అది వేళ కాదు. వానాకాలం మొదట్లోనో, గణపతి ఊరేగింపులూ దీపావళి టపాసులూ ముగిశాకో తేవడం మేలు. ఈ ప్రాంతంలో కొడుకులు గల్ఫ్‌లో ఉండి, తల్లిదండ్రులు మాత్రమే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. గేటు మూసి ఉండే, రాకపోకలు తక్కువుండే అలాంటి ఇల్లు బెదురు కుక్కకు సరిపోతుంది. అయితే ఆ పెద్దవాళ్లు కొన్ని నెలలు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉండే రకమైతే కుక్కను ఎవరు చూస్తారో ముందే అడగాలి. చిన్నపిల్లలున్న ఇల్లు, దుకాణం కలిసి ఉన్న ఇల్లు, కోళ్లు తిరిగే పెరడు తగవు. కాపలా కోసం కుక్క కావాలన్నవారికి ఇది కాదని మొహమాటం లేకుండా చెప్పేయాలి. జాలిపడి తీసుకెళ్లేవారి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కృతజ్ఞతగా తోక ఊపుతుందని ఎదురుచూసేది వాళ్లే, ఊపకపోతే ముందుగా నొచ్చుకునేదీ వాళ్లే. కుక్క నుంచి ఏమీ ఆశించని ఇల్లే దీనికి తగిన ఇల్లు.

ఇరుగుపొరుగుతో కూడా మాట్లాడి ఉంచాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని వీధికుక్కలు చంపిన దృశ్యం జనం మరచిపోలేదు. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయడం తగదు. ఆర్మూర్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీ మాటకు బలముంది కాబట్టి, ఆపరేషన్ అయిందని, టీకా పడిందని చూపే కాగితాలు వారికి ముందే చూపిస్తే తర్వాతి తగాదా తప్పుతుంది.

హైదరాబాద్ షెల్టర్ నుంచి తెచ్చేటప్పుడు 44వ జాతీయ రహదారి మీద కొన్ని గంటల ప్రయాణం. కుక్క బోనులోనే ఉండాలి, కారు తలుపు తీసేముందు పట్టాకు ఒక గొలుసు, హార్నెస్‌కు ఇంకోటి ఉండాలి. కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా కారుకూ గడపకూ మధ్యనే. ఇంట్లో ఒక చిన్న గది, ఒక మూల, కప్పుకోవడానికి పాత చీర, నీళ్లు. చుట్టాలు చూడటానికి రాకూడదు, ఫొటోలు వద్దు. మూడు రోజులు బిక్కచచ్చి ఉండటం, మూడు వారాలకు ఇంటి వేళలు తెలియడం, మూడు నెలలకు కుదురుకోవడం అని షెల్టర్లలో ఒక మోటు లెక్క చెబుతారు. బెదురు కుక్కకు అది కనీసం రెట్టింపు.

తప్పించుకుంటే వెంటపడకూడదు, గుంపుగా వెతకకూడదు. తరిమితే అది చేన్లలోకి పోతుంది, అక్కడ అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలూ ఉచ్చులూ ఉంటాయి. గేటు తెరిచి, అది పడుకున్న చీరనూ తిండినీ బయట పెట్టి, దానికి బాగా తెలిసిన ఒక్క మనిషి నేల మీద కూర్చుని ఉండాలి. బెదురు కుక్కలు చాలావరకు రాత్రి సద్దుమణిగాక వస్తాయి.

పన్ను దిగితే, గీరుకుపోయినా సరే, పుండును పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు ఊరు కనుక మొదట చేతికి దొరికేది పసుపే. పసుపు, సున్నం, కారం ఏదీ అద్దకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టి, వాళ్లు రాసిచ్చిన తేదీలన్నీ పూర్తిచేయాలి. కుక్కకు టీకా పడి ఉందన్న ధీమాతో ఆగిపోవద్దు.

ఇచ్చేటప్పుడు కాగితం రాసుకోవడం తప్పనిసరి. భారత జంతు సంక్షేమ మండలి 2022లో వీధి జంతువుల దత్తతకు ఒక పద్ధతిని సూచించింది, షెల్టర్లకు సొంత ఫారాలూ ఉంటాయి. టీకా తేదీలు, ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా, గొలుసు లేకుండా బయటికి వదలకూడదన్న షరతు, చూడటానికి ఎప్పుడు వస్తారన్నది అందులో ఉండాలి. కుదరకపోతే వీధిలో వదలకుండా తిరిగి అప్పగించాలన్న మాట మరీ ముఖ్యం. తిరిగొచ్చిన కుక్కను మళ్లీ బోనులోకి కాకుండా, మొదట చేతితో తిండి పెట్టిన మనిషి దగ్గరికే పంపాలి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా ఆ కాగితంలోనే రాసి ఉంచాలి.

ఆశీస్సులతో,
మేనమామ