చిట్టితల్లికి చిక్కని బువ్వ

నంద్యాల

చిన్నీ,

ఫోన్లో నువ్వు అడిగినవాటికి తీరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రాసి పంపితే మీ అత్త కూడా చదువుకుంటుందని ఈ ఉత్తరం.

ముందు ముహూర్తం సంగతి. అయిదో నెలలోనే అహోబిలంలో అన్నప్రాశన చేద్దామని మీ అత్త అంటోందన్నావు. ఆడపిల్లకు బేసి నెల అనే ఆనవాయితీని కాదనక్కర్లేదు. అయిదు కాకపోతే ఏడు ఉంది కదా! ఏడో నెల అంటే ఆరు నిండి ఏడు నడుస్తుండడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. ఆరు నెలలు నిండేదాకా డాక్టరు రాసిన మందులు తప్ప తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా వద్దు. నిండాక మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆ సమయానికి పాప మెడ నిలుపుతుంది, ఆనిస్తే కూర్చుంటుంది, మీరు తింటుంటే మీ చేతివైపే చూస్తుంది. మూఢం వచ్చిందని ఎనిమిదికో తొమ్మిదికో జరిపితే మాత్రం నేనొప్పుకోను. ముహూర్తం కుదరకపోతే ఇంట్లో దేవుడి ముందు ఒక ముద్ద పెట్టి మొదలుపెట్టండి, అహోబిలం మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. నరసింహస్వామి ఏమీ అనుకోడు. ఆరోజు నాలుక మీద తేనె మాత్రం రాయనివ్వకు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో తేనెలోని ఒకరకం సూక్ష్మజీవి విషం పుట్టించగలదు. వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దు.

ఇక నువ్వడిగిన రెండో మాట, ఏం పెట్టాలని. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ నేను తల్లులకు చెప్పి చెప్పి అలసిపోయిన మాట ఒకటే: చిక్కగా పెట్టండి. పిల్ల అరిగించుకోలేదని భయపడి పప్పు మీద తేరిన కట్టు, గంజి, చారు పోసి పిసికిన పల్చటి అన్నం పెడతారు. రోజుకు మూడుసార్లు పెడుతున్నామంటారు. కార్డులో బరువు గీత మాత్రం పైకి లేవదు. ఎందుకు లేస్తుంది? ఏడు కిలోల పాప పొట్టలో ఒకసారికి పట్టేది రెండువందల మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసెడు. అందులో నీళ్లే నింపితే బలానికి చోటెక్కడిది? ఆరు నుంచి ఎనిమిది నెలల పాపకు నీ పాలు కాక రోజుకు ఇంకో 200 కేలరీలు తిండి నుంచి రావాలి. ఏడాది వచ్చేసరికి 300, ఏడాది దాటాక 550 కావాలి. చెంచా వంచితే జారిపోకుండా దానికే అంటుకుని నిలవాలి, గుర్తు అదే. మీ అత్త వెండి ఉగ్గుగిన్నె తీసిపెట్టిందన్నావు, చాలా ముచ్చటైన వస్తువు. కానీ దాని ముక్కులోంచి పల్చనిది తప్ప జారదు. అది దాచిపెట్టు. చిన్న కంచంలో కలిపి వేలితోనో చెంచాతోనో తినిపించు.

మొదట రెండు చెంచాలు, రోజుకు రెండుసార్లు. మన సోనా బియ్యం మూడు పాళ్లు, పెసరబ్యాళ్లు ఒక పాలు దోరగా వేయించి మెత్తగా ఉడికించి మెదిపి, అర చెంచా నెయ్యి వెయ్యి. ఉప్పూ చక్కెరా వద్దు, పాపకు ఆ రుచులతో పనిలేదు. మహానందిలో పండే అరటిపండు బాగా మాగింది మెదిపి పెట్టొచ్చు. వారం పదిరోజుల్లో పరిమాణం పెంచుతూ అరకప్పుకు చేర్చు. రాగులు నానబోసి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసిరిన పిండి ఇంట్లో ఉంచుకో. మొలకెత్తిన గింజలోని పదార్థం పిండిని పల్చబరుస్తుంది కాబట్టి గిన్నెలో ఎక్కువ పిండి వేసినా జావ గడ్డ కట్టదు, పాప తేలిగ్గా మింగుతుంది. బలం తగ్గకుండా జావ కాచుకునే ఉపాయం ఇది. అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తే, దాన్నీ పల్చగా కాకుండా ముద్దగా కలుపు.

మిక్సీలో వేసి నున్నగా చేస్తూనే ఉండకు. ఎనిమిదో నెలకు పలుకులు తగలాలి, చేతితో పట్టుకుని నమలాలి. పళ్లు లేకపోయినా చిగుళ్లతో పాప నమలగలదు. ఏడాదికి మీ కంచంలోది కారం తగ్గించి పెట్టొచ్చు. బుడ్డలు (వేరుశనగలు) మాత్రం గింజగా ఇవ్వకు, గొంతుకు అడ్డం పడతాయి. వేయించి మెత్తగా నూరి కలుపు. బుడ్డలు ఒంటికి పడవేమోనని ఏళ్లు ఆగడం పాత పద్ధతి. ఎలర్జీ వచ్చే వీలున్న పిల్లలకు కూడా తొందరగా మొదలుపెడితేనే ఆ ఎలర్జీ బాగా తగ్గుతుందని 2015లో లండన్ పరిశోధకులు తేల్చారు. ఒంటిమీద తామర (ఎగ్జిమా) తీవ్రంగా ఉన్న పాప అయితే డాక్టర్ని ముందు అడగాలి.

నన్ను బాగా కలవరపెట్టేది ఇనుము. పుట్టినప్పుడు పాప ఒంట్లో దాచుకున్నది ఆరునెలలకు అయిపోతుంది, నీ పాలల్లో ఉండేది చాలా తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో ఆరు నెలలు నిండిన అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత! మీ ఇంట్లో గుడ్డు కూడా పొయ్యి ఎక్కదు, మాంసం మాటే లేదు. పాపకోసం మీ అత్త గుడ్డుకు ఒప్పుకుంటే బాగా ఉడికించి మెదిపిపెట్టు. లేదంటే పప్పు, ఆకుకూర, శనగలు పెట్టు. అందులో నిమ్మరసమో టమాటానో తప్పకుండా కలపాలి, వాటిలోని సి విటమిన్ తోడైతే శాకాహారంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆరోగ్యశాఖ పిల్లలకు ఆరునెలల నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తుంది. ఆశా కార్యకర్తను అడిగి తెచ్చుకో, వేయడం మానకు.

పాలు తగ్గించాలని ఎవరు చెప్పినా వినకు. రెండేళ్లదాకా, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు. విరేచనాలు పట్టుకున్నా తిండి ఆపొద్దు, తక్కువతక్కువగా ఎక్కువసార్లు పెట్టు, ఓఆర్ఎస్ తాగించు. మీ ఆయన శిల్పశాల నుంచి రాగానే రాతిపొడి బట్టలు మార్చి, చేతులు సబ్బుతో కడిగాకే పాపను ఎత్తుకోవాలి. ఆళ్లగడ్డలో ఇంటింటా ఉలి చప్పుడు ఉంటుంది, ఆ దుమ్ము పసిపిల్లల ఊపిరితిత్తులకు చేటు. కాస్త గట్టిగానే చెప్పు.

ఏడో నెల చివర పాపను తూకం వేయించి, కార్డు ఫోటో తీసి పంపు. రాగిపిండి నేను విసిరి పంపుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ