మందుల పేటెంటు గడువు - మనకెందుకు?

మనలో చాలామంది ఇళ్ళల్లో డాక్టరు చీటీ చదవగలిగిన మొదటివాళ్ళం మనమే. అందుకే పీజీలో మేము చదువుకున్న ఒక విషయాన్ని మీతో పంచుకుంటున్నాము.

పేటెంటు అంటే ఏమిటి?

కొత్త మందు కనిపెట్టిన కంపెనీ అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని తయారుచేసి అమ్మకూడదని ప్రభుత్వం ఇచ్చే హక్కే పేటెంటు. గడువు 20 ఏళ్ళు. ఈ లెక్క మందు షాపుకొచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మొదలవుతుంది. గడువు తీరాక ఇతర కంపెనీలు చేసే అదే మందు జనరిక్. కొత్తగా కనిపెట్టే ఖర్చు ఉండదు, పోటీ పెరుగుతుంది, ధర తగ్గుతుంది.

మన చట్టం ఏం చెబుతుంది?

1970 చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాదులో మందుల పరిశ్రమ ఎదగడానికి ఇదొక కారణం. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 నుంచి మందుకే పేటెంటు ఇస్తున్నారు. అయితే సెక్షన్ 3(డి) ప్రకారం, పాత మందు రూపం కాస్త మార్చి, గుణం పెరగకుండానే కొత్త పేటెంటు అడిగితే ఇవ్వరు.

బెడాక్విలిన్ ఉదాహరణ

మామూలు మందులకు లొంగని క్షయకు వాడే మాత్ర ఇది. అంతకుముందు ఇచ్చే ఇంజెక్షన్ల వల్ల కొందరికి వినికిడి పోయేది. ఈ మాత్రపై జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు 2023 జులైలో ముగియాల్సి ఉండగా, మందు లవణ రూపంపై కంపెనీ మరో దరఖాస్తు పెట్టింది. అది మంజూరైతే హక్కు 2027 దాకా సాగేది. క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలు, మన దేశానికి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే, 2019లో అభ్యంతరం దాఖలు చేశారు. మందుల వల్ల వినికిడి కోల్పోయినవారే ఇద్దరూ. 2023 మార్చిలో పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. జులైలో పాత గడువు తీరింది, జనరిక్‌కు దారి తెరుచుకుంది. మన దేశంలో క్షయ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ధర తగ్గితే అదే డబ్బుతో ఎక్కువమందికి అందుతుంది.

మనం చేయవలసింది

పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని చట్టంలోనే ఉంది. చదువుకున్నవాళ్ళకు అదొక ఆయుధం. ఇంట్లో మందు కొనేటప్పుడు అట్టమీద కంపెనీ పెట్టిన పేరుతోపాటు మందు అసలు పేరూ చదవండి. అదే మందు, అదే మోతాదు జన ఔషధి కేంద్రంలో తక్కువకు దొరుకుతుందేమో చూడండి. మార్చేముందు డాక్టరును అడగండి. అమ్మానాన్నలకు చీటీ చదివి చెప్పడం కూడా మన చదువులో భాగమే.